తప్పు వెళ్ళినంత దూరం

మా సవరణయ్య గారికి ఉన్నది ఒకటే జబ్బు. తన నోటి నుంచి వచ్చిన మాట తప్పని తెలిస్తే, ఆ మాట విన్న ప్రతి మనిషినీ వెతికి పట్టుకుని దిద్దుకుంటే తప్ప ఆయనకు ముద్ద దిగదు. మనమైతే "ఏదో నోరు జారిందిలే" అని దులిపేసుకుంటాం. ఆయన చెప్పులేసుకుని బయల్దేరతారు.

అసలు పేరు వేరే ఉంది. అది జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప మా ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఫోన్లు, కంప్యూటర్లు, ఇంటర్నెట్టు సంగతులు రాసే వెబ్ పత్రిక మాది. అందులో ఆయన ప్రమాణాల సంపాదకులు. "అంటే ఏం చేస్తారమ్మాయ్?" అని మా అత్తగారు అడిగితే, "మేం రాసింది నిజమేనా అని మమ్మల్నే అనుమానించి, దానికి జీతం తీసుకుంటారండీ" అని చెప్పాను. పాఠకుల ఫిర్యాదులకు జవాబులివ్వడం నా పని. నా బల్ల ఆయన బల్లకు ఎదురుగా ఉండేది. కాబట్టి ఆ జబ్బు సెగ అందరికన్నా ముందు నాకే తగిలేది.

పాత రోజుల్లో అచ్చు పత్రికల్లో పొరపాటు పడితే 'ఫలానా అన్నచోట ఫలానా అని చదువుకోగలరు' అని ఓ మూల వేసేవారు. ఈయన ఆ వాక్యాన్ని మూలన వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకుని కాపురం పెట్టించారు. పొద్దున్నే వచ్చి నా ముందు నిలబడేవారు.

"ఏమ్మా, నిన్న వాన పడుతుందన్నాను. పడదు అని చదువుకోగలవు."

"పడలేదని నాకూ తెలుసు సర్. నేనూ ఈ ఊళ్ళోనే ఉన్నాను."

"నీకు తెలియడం వేరు, నేను చెప్పడం వేరు."

నేను అనవసరంగా గొడుగు మోసుకు తిరిగినందుకు విచారం కూడా వెలిబుచ్చి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళేవారు. వాన మాట అక్కడ కూడా చెప్పారు మరి.

ఒకసారి మా లెక్కల గుమాస్తాకు వీడ్కోలు సభ పెట్టాం. సవరణయ్య గారు లేచి, "ఈయన ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. గుమాస్తాగారి భార్య కళ్ళు తుడుచుకుంది. మర్నాడు మా అందరికీ సందేశం వచ్చింది: 'ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు అన్నచోట, వాన లేని రోజుల్లో ఆలస్యంగా రాలేదు అని చదువుకోగలరు.' ఆ సందేశం గుమాస్తాగారికీ వెళ్ళింది. ఆయన భార్యకూ వెళ్ళింది. ఆ మాట విన్న వాళ్ళలో ఆవిడ కూడా ఉంది కదా!

ఇంకోసారి బస్సు దిగుతుంటే ఎవరో బుగ్గ పట్టుకుని పళ్ళ డాక్టరు ఎక్కడని అడిగారట. ఈయన ఎడమవైపు అని చూపించి ఆఫీసుకు వచ్చారు. కుర్చీలో కూర్చోబోతూ గుర్తొచ్చింది, కుడివైపని. అంతే, లేచి మళ్ళీ మెట్లు దిగారు. వెతికి వెతికి చివరికి డాక్టరు గదిలోకే వెళ్ళారు. ఆ మనిషి అప్పటికే కుర్చీలో వెనక్కి వాలి, నోరు బార్లా తెరిచి ఉన్నాడు.

"ఎడమ అన్నాను. కుడి అని చదువుకోగలరు" అన్నారు ఈయన.

ఆ మనిషి కళ్ళతోనే ఏదో అన్నాడు. అది దీవెన కాదని డాక్టరు తర్వాత చెప్పిందట.

ఇంట్లో సంగతి అడగక్కర్లేదు. ఆంటీ, అంటే వాళ్ళావిడ, ఓసారి నాతో చెప్పుకుంది. "కొత్త కాపురంలో నా పాట విని అద్భుతం అన్నారమ్మా. నేను మురిసిపోయి వంటింట్లోనూ పాడాను, పెరట్లోనూ పాడాను. ఏడాది తిరిగాక ఓ రోజు కూర్చోబెట్టి, 'అద్భుతం అన్నది ఆనాటి ఉత్సాహం. బాగుంది అని చదువుకో' అన్నారు."

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? పాడటం మానేశాను. మానేసిన నాలుగో రోజుకు వచ్చి, పాట లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు, అదీ రాసుకో అన్నారు. మళ్ళీ మొదలెట్టాను."

ఇక పనిలో ఆయన పారదర్శకత మా ప్రాణాల మీదికి వచ్చేది. కొత్త ఫోన్లు పరీక్షించడానికి కంపెనీలు మాకు అరువిస్తాయి. వార్త కింద 'ఈ ఫోను కంపెనీ ఇచ్చింది, తిరిగి పంపేశాం' అని ఒక్క ముక్క రాస్తే అందరికీ చాలు. ఈయనకు చాలదు. 'తిరిగి పంపేటప్పుడు డబ్బా మూత చిరిగింది, చింపింది మేమే' అని కూడా రాయించారు. ప్రకటనలిచ్చే కంపెనీ మీద వార్త రాస్తే, 'వీరు మాకు ప్రకటనలిస్తారు, ఈ వార్త తర్వాత ఇవ్వకపోవచ్చు' అని చేర్పించారు. మా యజమాని ఆ పూట భోజనం మానేశాడు.

అన్నిటికన్నా గట్టిది ఫొటోల నియమం. కొన్న ఫొటో వద్దు, యంత్రం గీసిన బొమ్మ అసలే వద్దు. వార్తలో కనిపించే ప్రతి బొమ్మా ఎక్కడో ఒకచోట నిజంగా ఉన్నదే కావాలి, మా వాళ్ళు తీసిందే కావాలి, తీశామని కింద రాయాలి. "లేనిదాన్ని చూపిస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టే" అనేవారు. ఎవరం కాదనగలం? నిజమే కదా అని తలూపాం. ఆ నిజమే మా కొంప ముంచింది.

నకిలీ బ్యాటరీల మీద మా విలేకరి ఓ మంచి వార్త రాశాడు. అవి ఎలా వేడెక్కుతాయో, ఎలా అంటుకుంటాయో వివరంగా రాశాడు. 'మీ జేబులో నిప్పు' అని శీర్షిక పెట్టాం. బొమ్మ కావాలి. విలేకరి తను ఇంటికెళ్ళే దారిలో కనబడిన ఓ ఫోన్ల రిపేరు షాపు ముందు ఆగి ఫొటో తీశాడు. బల్ల మీదికి వంగి ఫోను విప్పుతున్న ఒకావిడ, వెనక సగం కనిపిస్తున్న బోర్డు. ఆ షాపులో నకిలీ బ్యాటరీలున్నాయని వార్తలో ఎక్కడా లేదు. ఆ షాపు ప్రస్తావనే లేదు. సవరణయ్య గారు ఫొటో చూసి, నిజమైనదే అని తృప్తిపడి, కింద ఒక మాట చేర్పించారు: 'ఈ ఫొటో మా విలేకరి స్వయంగా వెళ్ళి తీసినది.'

పైన 'మీ జేబులో నిప్పు.' కింద 'స్వయంగా వెళ్ళి.' మధ్యలో ఆవిడ. చూసినవాళ్ళు ఏమనుకుంటారు చెప్పండి! విలేకరి వెళ్ళి దొంగను పట్టుకున్నాడనే అనుకున్నారు. వార్త చదివే ఓపిక ఎవరికుంది, పైభాగం మాత్రం కత్తిరించి ఆ వీధి వాళ్ళు ఫోన్ గ్రూపుల్లో తిప్పేసుకున్నారు. తెలిసినవాళ్ళకు సగం బోర్డు చాలు.

ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. అరుస్తుందనుకుని నేను ముందే మంచినీళ్ళు తెప్పించాను. అరవలేదు. సంచిలోంచి గళ్ళున్న ప్లాస్టిక్ ట్రే ఒకటి తీసి సవరణయ్య గారి బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఒక్కో గడిలో ఒక్కో ఫోనుండేది. అందరూ వచ్చి పట్టుకుపోయారు. సగం విప్పినవి కూడా అలాగే పట్టుకుపోయారు. షాపు పైన గది ఓనరు కాపురం ఉంటాడు. 'నిప్పంటుకుంటే మా గతేంటమ్మా, నెలాఖరుకు ఖాళీ చెయ్యి' అన్నాడు. ఆ షాపు పోతే నాకింకో షాపు లేదు. మా అమ్మ మందులు, మా ఇంటి తిండి అన్నీ ఆ బల్ల మీదే. నేనేం చేశానండీ మీకు?"

సవరణయ్య గారు ఆ ట్రేలో ఖాళీ గళ్ళు లెక్కపెట్టారు. తర్వాత లేచి నిలబడ్డారు. "మీరేమీ చెయ్యలేదమ్మా. ఆ ఫొటో ఒప్పుకున్నది నేను. కింద మాట రాయించింది కూడా నేనే" అన్నారు. విలేకరి ఏదో అనబోతే చేత్తో ఆపేశారు.

గంట తిరక్కుండా ఫొటో తీసేసి, వార్త నెత్తిన సవరణ వేశాం. మేం చేసిన తప్పేమిటో, ఎందుకు జరిగిందో, ఆవిడకు ఆ వార్తతో ఏ సంబంధమూ లేదని, శీర్షిక ఎంత లావుందో అంత లావు అక్షరాల్లో. మా యజమాని వచ్చి చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"హమ్మయ్య. మన పని అయిపోయింది."

"మన పని అయింది. ఆవిడ పని కాలేదు" అన్నారు సవరణయ్య గారు. "ఆ వీధిలో మన పత్రిక చదివేవాళ్ళు ఎవరండీ? తప్పు ఒకచోటికి వెళ్ళింది, సవరణ ఇక్కడే కూర్చుంది. తప్పు ఎంత దూరం వెళ్ళిందో సవరణ కూడా అంత దూరం వెళ్ళాలి."

"అంటే ఇప్పుడేం చేస్తారు?"

ఆయన బల్ల కింద చెప్పుల కోసం కాళ్ళతో వెతుకుతున్నారు. నేనూ నా చెప్పులు వెతుక్కోక తప్పలేదు. ఎందుకంటే ఫిర్యాదులు నా శాఖ. ఆయన వెళ్తే నేనూ వెళ్ళాలి.

ఆ వీధి నడిచి చూస్తే గాని తెలియదు ఎంత పొడుగో. మొదటి ఇంట్లో మమ్మల్ని ఓట్ల వాళ్ళనుకున్నారు. రెండో ఇంట్లో దుమ్ము లాగే మిషన్లు అమ్మేవాళ్ళనుకుని, వద్దు వద్దని తలుపేశారు. మంగలి షాపులో ఒకాయన సగం గడ్డంతో కూర్చుని ఉంటే, మంగలి కత్తి పైకెత్తి పట్టుకుని మొత్తం విన్నాడు. అందరి దగ్గరా సవరణయ్య గారు బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఒకే తీరున చెప్పారు.

"నేను ఫలానా పత్రిక సంపాదకుణ్ణి. ఆ షాపు ఫొటో వేసి తప్పు చేశాం. ఆ వార్తకూ ఆవిడకూ సంబంధం లేదు. ఇది చెప్పమని ఆవిడ నన్ను పంపలేదు. ఆవిడకు మా మీద కోపంగా ఉంది, మమ్మల్ని క్షమించలేదు. క్షమించాల్సిన అవసరమూ లేదు. మీకు ఈ ఫొటో వచ్చిందా? మీరు ఎవరికి పంపారు?"

ఆఖరి ప్రశ్నకు అందరూ నేల చూపులు చూసేవారు. పంపిన వాళ్ళ పేర్లు చెప్తే అక్కడికీ వెళ్ళేవాళ్ళం. దర్జీ తన బావమరిదికి పంపానన్నాడు. బావమరిది పక్క వీధిలో. పదండి పక్క వీధికి! నా చెప్పు తెగింది. "చెప్పు తెగింది సర్" అన్నాను. "తప్పు తెగలేదమ్మా" అన్నారు. కసిరినట్టు కాదు, ఎంతో విచారంగా అన్నారు. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నడిచాను.

పైన కాపురమున్న గది ఓనరు దగ్గరికి ఆఖర్న వెళ్ళాం. ఆయన అంతా ఓపిగ్గా విని, కళ్ళజోడు సర్దుకుని, "అయితే ఆవిడ మంచి బ్యాటరీలే వేస్తుందంటారు?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు అవునంటే చాలు, గండం గడిచిపోతుంది. నేను మోచేత్తో మా సర్‌ను పొడిచాను.

"అది నాకు తెలియదండీ" అన్నారు సవరణయ్య గారు. "నేనెప్పుడూ ఆవిడ దగ్గర వేయించలేదు. చెడ్డవని మేం చెప్పలేదనే చెప్తున్నాను. మంచివని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు."

"మీకే తెలియదంటే నాకెలా తెలుస్తుందండీ? నెలాఖరు మాట నెలాఖరే" అని ఓనరు లోపలికి వెళ్ళిపోయాడు.

కిందికి దిగేసరికి మెట్ల కింద నలుగురు పోగయ్యారు, ఆవిడ షాపు గుమ్మంలో నిలబడి ఉంది. పైన మాటలన్నీ మెట్ల దారిలో వినబడ్డాయి. "మీరు నన్ను ఒడ్డెక్కించడానికి వచ్చారా, ముంచడానికి వచ్చారా?" అంది. నాకూ అదే అడగాలని ఉంది. ఇంత నిజం ఏం చేసుకుంటాం, కొరుక్కు తింటామా?

సవరణయ్య గారు జేబులోంచి తన ఫోను తీసి బల్ల మీద పెట్టారు. "బ్యాటరీ పాడైంది. పొద్దున ఎక్కించిన చార్జి మధ్యాహ్నానికి దిగిపోతోంది. మార్చండి."

"మీ ఫోను నేను ముట్టుకోను."

"మామూలుగా తీసుకునేదే తీసుకోండి. తగ్గించకండి, తగ్గిస్తే అది కూడా చెప్పాలి."

"రేపు పేలితే?"

"పేలిందని రాస్తాను."

ఆవిడ నా వైపు తిరిగి, "ఇదేం మనిషమ్మా!" అంది. "నేనూ చాలాకాలంగా అదే అనుకుంటున్నానండీ" అన్నాను. ఆవిడ ఫోను అందుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద వరసగా పెట్టింది. ఆయన గుమ్మం బయటే నిలబడి, దారిన పోయేవాళ్ళందరికీ కనపడేలా వేచి ఉన్నారు. తన ఫోను ఆవిడ చేతిలో ఉందని వీధంతా చూడాలనే అలా నిలబడ్డారని నాకు తర్వాతగాని తట్టలేదు.

ఫోను చేతికొచ్చింది. "పదండి సర్, ఇప్పుడు పైకెళ్ళి బాగుందని చెప్పేద్దాం" అన్నాను.

"వాడకుండా బాగుందని ఎలా చెప్తానమ్మా? ఓ వారం చూడాలి."

"నెలాఖరుకు ఎనిమిది రోజులే ఉంది!"

"ఉంటే ఉండనీ. ఆ మాటకు బలం ఉండాలి కదా."

ఆ వారం ఆఫీసులో ఎవరికీ మనశ్శాంతి లేదు. ఆయన ఫోను బుగ్గకు ఆనించుకుని చూసేవారు, మా బుగ్గలకు ఆనించి "వేడిగా ఉందా?" అనేవారు. మా యజమాని బుగ్గను కూడా వదల్లేదు. చార్జి సాయంత్రం దాకా నిలిచిందని రోజూ ఇంటికెళ్ళే ముందు అందరికీ ప్రకటించేవారు. నేను పైకి విసుక్కుంటూనే లోపల ఆ బ్యాటరీకి దణ్ణం పెట్టుకున్నాను.

గడువుకు ముందురోజు మళ్ళీ బయల్దేరాం. ఓనరు దగ్గరికే వెళ్దామంటే ఒప్పుకోలేదు. తెలియదన్న మాట ఓనరు ఒక్కడే కాదు, మెట్ల కింద నిలబడిన వాళ్ళూ విన్నారు, వాళ్ళు ఇంకెందరికి చెప్పారో అని, మొదటి ఇంటి నుంచే మొదలెట్టారు. ఈసారి మమ్మల్ని ఎవరూ ఓట్ల వాళ్ళనుకోలేదు. మంగలి దూరం నుంచే చూసి, "వస్తున్నారు, వస్తున్నారు" అని లోపలికి కేక వేశాడు. దర్జీ అయితే చేతులు జోడించాడు. "సార్, మీరు చెప్పక్కర్లేదు. నా ఫోను నిన్ననే ఆవిడకిచ్చాను. మీ మీద నమ్మకంతో కాదు, మళ్ళీ వస్తారన్న భయంతో."

పైన ఓనరు తలుపు తీశాడు. సవరణయ్య గారు నిటారుగా నిలబడ్డారు.

"మొన్న నాకు తెలియదన్నాను. ఇప్పుడు తెలుసు అని చదువుకోగలరు. వారం నుంచి వాడుతున్నాను. వేడెక్కలేదు. డబ్బులిచ్చి చేయించుకున్నాను. పడుకునేటప్పుడు దిండు పక్కనే పెట్టుకున్నాను. మా ఆవిడ కూడా అక్కడే పడుకుంటుంది. ఆవిడకు ముందే చెప్పాను."

"ఆవిడేమన్నారు?"

"అటు తిరిగి పడుకుంది."

ఓనరు నవ్వు ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. ఫోను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఆఖరికి బుగ్గకు ఆనించుకున్నాడు. "చల్లగానే ఉంది" అన్నాడు. ఫోను తిరిగిచ్చేస్తూ, "కన్నబిడ్డలా చూసుకున్నాం ఆ పిల్లను. నిప్పు అనేసరికి భయపడ్డాను. ఉండమనండి. నేనే చెప్తాలెండి" అని మా కన్నా ముందే మెట్లు దిగాడు.

ఇన్నాళ్ళూ ఈ దిద్దుబాట్లన్నీ ఆయన తన నోరు శుభ్రంగా ఉంచుకోవడానికే చేస్తున్నారనుకున్నాను. కాదు. తన మాట పట్టుకుని ఎవరు గొడుగు మోస్తున్నారో, ఎవరు నొప్పితో వీధిలో తిరుగుతున్నారో, ఎవరి ట్రే ఖాళీ అయిందో, అదొక్కటే ఆయన దిగులు. ఆ మెట్ల మీద నాకు ఆయన మీద పట్టరానంత గౌరవం కలిగింది. కళ్ళు చెమర్చాయి కూడా.

కింద షాపులో ట్రేలో సగం గళ్ళు నిండి ఉన్నాయి. ఓనరు చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ మాకు రెండు స్టూళ్ళు వేసింది. ఏదో ఫోను తుడుస్తూ, తలెత్తకుండానే అంది.

"సార్, మీరు వీధంతా చెప్తున్నదాంట్లో ఒక తప్పుంది."

సవరణయ్య గారి మొహం పాలిపోయింది. స్టూలు మీంచి సగం లేచారు. "ఏదమ్మా? ఎక్కడ?"

"నేను మిమ్మల్ని క్షమించలేదని చెప్తున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. నేను కూడా కొంగుతో కళ్ళు అద్దుకుంటూ, ఇక ఇంటికెళ్ళి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకోవచ్చని సంతోషించాను. అంతలో ఆయన వంగి స్టూలు కింద చెప్పుల కోసం వెతకడం కనబడింది.

"సర్, వద్దు సర్!"

"అందరికీ చెప్పాను కదమ్మా."

"మొదటి ఇంటి నుంచా?"

"మొదటి ఇంటి నుంచే" అన్నారు ఆయన. అప్పటికే మంగలి మమ్మల్ని చూసి షాపు తలుపు దగ్గరికి వేస్తున్నాడు.